అమ్మ మీద ఒట్టు

శనివారం రాత్రి డాబా మీద చాప పరిచి ఏడుగురం కూర్చున్నాం. ఫోన్ చేతులు మారింది. నా వంతు రాగానే తెర మీద వేలు నొక్కి నా రహస్య పాత్ర చూసుకున్నాను: మాఫియా. అదెవరో మిగతావాళ్లు పసిగట్టాలి. 1986లో మాస్కోలో దిమిత్రీ డేవిడాఫ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి కనిపెట్టిన ఆట ఇది, పేరూ మాఫియానే. అప్పుడు ఆటను ఒక మనిషి నడిపేవాడు. మాకు ఫోనే సూత్రధారి.

"మాఫియా నువ్వేనా?" అని అడిగితే, "ఛ, నేనెందుకవుతాను!" అని అలవోకగా బొంకాను.

"అయితే అమ్మ మీద ఒట్టెయ్యరా" అన్నాడు మావాడు. నోరు పెగల్లేదు. దొరికిపోయాను.

పరిహాసంలో ఆడిన అబద్ధం దోషం కాదని మహాభారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతితో వాదిస్తుంది. నిజమే, చాప మీద కూర్చున్నవాళ్లందరం మోసపోవడానికి ముందే ఒప్పుకున్నాం. అమ్మ ఒప్పుకోలేదుగా! బొంకు పాపమో కాదో గానీ, అడగకుండా ఆమెను తాకట్టు పెట్టడం మాత్రం పాపమే అనిపించింది.