‘అడవి’లో అజ్ఞాతం ఎవరు?

భయం పుట్టించే కళాకారుడికి, ఆ భయానికి కారణం చెప్పే బాధ్యత కూడా వుందా? యీ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. ఆత్మకూరులో మా విద్యార్థులు రాంగోపాల్ వర్మ ‘అడవి’ చిత్రం మీద వాదించుకుంటుంటే ఎదురైంది. 2009లో వచ్చిన చిత్రమది. హిందీలో దాని పేరు ‘అజ్ఞాత్’. షూటింగుకని అడవికి వెళ్ళిన బృందానికి కెమెరా పాడవుతుంది. పనిలేక అడవి చూడబోయిన వాళ్ళు ఒక్కొక్కరే చనిపోతారు. చంపుతున్నది మృగమా, దయ్యమా, మరో గ్రహం నుంచి దిగిన జీవా? చివరిదాకా తెర చెప్పదు.

చూపకపోవడం తప్పని నేననను. రబ్బరు తొడుగు రాక్షసుణ్ణి చూపి నవ్వులపాలైన చిత్రాలు ఎన్ని లేవు! ఆకుల చప్పుడుతో, చెట్ల మధ్య కదిలే కెమెరాతో భయపెట్టడం ఖర్చు తక్కువ పని మాత్రమే కాదు, నేర్పు కూడాను. నా అభ్యంతరం వేరు. అందులో మొదట చచ్చేది దారి చూపే మనిషి. అడవి తెలిసినవాడు పోయాక, మిగిలినవాళ్ళ భయమే కథ అవుతుంది. అతని చావు కథ కాదు.

ఉదయగిరి బస్సెక్కితే వెలిగొండలు కనిపిస్తాయి. ఎర్రచందనం పుట్టిల్లు యీ కొండలూ, వీటి దక్షిణాన వున్న శేషాచలమూను. తూర్పు కనుమల యీ దక్షిణపు కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా అది తనంతట తాను పెరగదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పులకు 20 మంది బలయ్యారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. స్మగ్లర్లు దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులన్నారు. హక్కుల సంఘాలు కాదన్నాయి. దుంగ కొనేవాడు మాత్రం ఆ అడవిలో లేడు, ఎన్నడూ వుండడు. సముద్రానికి అవతల వుంటాడు. అయితే యీ అజ్ఞాతానికి చిరునామా వుంది, బేరం వుంది, లెక్కల పుస్తకం వుంది. తెలియనిది వేరు, తెలియనివ్వనిది వేరు. మొదటిది విజ్ఞానశాస్త్రం ముందున్న సమస్య. రెండోది కొందరి లాభం. ‘అడవి’ యీ రెండింటినీ ఒకే చీకట్లో కలిపేస్తుంది.

రెండు గంటల భయానక చిత్రం మీద యింత బరువు మోపడం న్యాయమా అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమే అనుకుంటాను. అడవిని ఎవరి కళ్ళతో చూసి భయపడాలో మన పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారు మరి.

యీ ప్రాంతపు యానాదుల సంగతే చూడండి. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కగట్టిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. వాళ్ళలో కొందరు దాని కింద నలిగారు. 1952లో గాని అది రద్దు కాలేదు. మా తరగతిలో ఒక యానాది కుర్రవాడున్నాడు. వాదనంతా విని, చివర్లో లేచాడు.

“మా ముత్తాత రాత్రిపూట కూడా అడవికి పోయేవాడంట సార్, తేనెకీ దుంపలకీ. ఖాకీ బట్ట కనపడితే మాత్రం చెట్టెక్కి కూచునేవాడంట.”

కొందరు నవ్వారు. అతను కూర్చోకుండా మరో మాట అడిగాడు: “ఆ సినిమాలో దారి చూపినాయన పేరేంది సార్?”

చిత్రాన్ని రెండుసార్లు చూసిన నాకు గుర్తు రాలేదు.