కాడి కింది ఋణం

సేద్యానికి పశువును కట్టడం ధర్మమా, అధర్మమా అన్న ప్రశ్నను భారతీయ ధర్మశాస్త్రాలు ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. రైతు లేనిదే లోకం బతకదని ఎరిగిన శాస్త్రకారులే నాగలి కింద భూమిలోని ప్రాణులు చస్తాయనీ, కాడి కింద ఎద్దు నలుగుతుందనీ ఒప్పుకున్నారు. ఇనుప మొన తొడిగిన కొయ్య నేలనూ నేలలోని జీవులనూ గాయపరుస్తుంది గనుక సజ్జనులు సేద్యాన్ని గర్హిస్తారని మనుస్మృతి పదో అధ్యాయం చెబుతుంది. మహాభారత శాంతిపర్వంలో తులాధారుడనే కాశీ వర్తకుడు, తపస్సు వల్ల గర్వించిన జాజలి అనే బ్రాహ్మణునికి అహింసను బోధిస్తూ, కోడెల వృషణాలు తొలగించి, ముక్కులు పొడిచి, పెద్ద బరువులు మోయించి, కట్టి లొంగదీసుకొనేవారిని నిలదీస్తాడు. అతడు పేర్కొన్న పనులేవీ క్రూరుల ప్రత్యేక చేష్టలు కావు. కోడెను ఎద్దుగా మార్చి ముకుతాడు వేయకుండా ఏ పల్లెలోనూ నాగలి సాగలేదు. కాబట్టి ఆ నింద ఒకరిద్దరు దుర్మార్గులకు పరిమితం కాదు, అన్నం తినే ప్రతివానికీ తగులుతుంది.

జైన సంప్రదాయం ఇదే విషయాన్ని మరింత సూక్ష్మంగా విడదీసింది. తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి గృహస్థుని అహింసా వ్రతానికి అయిదు అతిచారాలను, అంటే వ్రతం పూర్తిగా భంగం కాకపోయినా దానికి మచ్చ తెచ్చే తప్పులను, చెప్పాడు: బంధించడం, కొట్టడం, అవయవాన్ని కోయడం, మితిమీరిన బరువు మోపడం, తిండినీ నీటినీ ఆపడం. పశువును ఉంచుకున్న ఇంట్లో ఈ అయిదింటికీ అవకాశం దినదినమూ ఉంటుంది. గృహస్థుడు పశువును ఉంచుకోవడాన్ని ఈ సూత్రం నిషేధించదు గాని, ఉంచుకున్నవాడు తప్పు తన చేతికి ఎంత దగ్గరలో ఉందో మరచిపోకుండా చూస్తుంది.

కలియుగానికి ప్రమాణమని చెప్పుకొనే పరాశరస్మృతి రెండో అధ్యాయం ఈ చర్చలో అన్నిటికంటె నిశితమైనది. ఆకలిగొన్న, దప్పిగొన్న, అలసిన ఎద్దును కాడికి కట్టరాదని అది విధిస్తుంది. ఎనిమిది ఎద్దుల నాగలి ధర్మసమ్మతమనీ, ఆరింటిది బతుకు తెరువుకు చెల్లుతుందనీ, నాలుగింటిది దయలేనివారిదనీ, రెండింటిది ఎద్దును చంపేవారిదనీ మెట్లు కడుతుంది. ఎద్దులను వంతుల మీద మార్చి కట్టాలన్నదే ఈ లెక్క వెనుక ఉన్న తలంపు. నాలుగు జతలుంటే ఒక్కొక్క జతకు రోజులో నాలుగో వంతు పని మాత్రమే పడుతుంది. పశువు పక్షాన చూస్తే ఇది ఎంతో ఉదారమైన కొలత. రైతు పక్షాన చూస్తే మాత్రం, నాలుగు జతలు మేపగల సంపన్నుడు ధర్మాత్ముడై, ఒక్క జతతో రెండెకరాల మెట్ట దున్నుకొనే పేదవాడు హంతకుల వరసలో నిలుస్తాడు. వాన పడిన తరవాత నేలలో విత్తనానికి తగిన తేమ నిలిచే కొద్ది రోజులను రైతులు పదును అంటారు. ఆ పదును పోతే ఏడాది పంటే పోతుంది గనుక, పేదవాని ఎద్దుకు విశ్రాంతి దొరకకపోవడానికి అతని కాఠిన్యం కంటె అతని లేమే తరచు కారణమవుతుంది. స్మృతి ఈ తేడాను పట్టించుకోలేదు.

చేపలు పట్టేవాడు ఏడాదిలో మూటగట్టుకొనే పాపం నాగలి దున్నేవానికి ఒక్క రోజులో చుట్టుకుంటుందని కూడా అదే అధ్యాయం అంటుంది. దానికి విరుగుడుగా కళ్లంలోనే పంటను పంచమంటుంది: రాజుకు ఆరో వంతు, దేవతలకు ఇరవయ్యొకటో వంతు, విప్రులకు ముప్పయ్యో వంతు ఇచ్చిన కర్షకుడు పాపాలన్నిటి నుంచీ విముక్తుడవుతాడు. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. ఏ ప్రాణికి కీడు జరిగిందని ఈ పాపం చుట్టుకున్నదో ఆ ప్రాణికి పంపకంలో వాటా లేదు. బాధపడినది ఎద్దు, పరిహారం అందుకొన్నది రాజు. కీడు చేసినవాని మనసు దీనితో తేలికపడవచ్చు గాని, కీడు పొందిన జీవి లెక్క తీరినట్లు కాదు.

ఆ వాటాను కళ్లంలోనే పశువుకు ఇచ్చిన శాస్త్రం పశ్చిమాసియాలో పుట్టింది. కంకులు తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టరాదని బైబిలులోని ద్వితీయోపదేశకాండము ఇరవయ్యయిదో అధ్యాయం శాసించింది. పశువు గడ్డినీ పైరునూ అందుకోకుండా మూతికి తగిలించే వలను చిక్కం అంటారు. కళ్లంలో ఎడ్లను తిప్పి ధాన్యం రాల్చిన తెలుగు రైతుకు ఈ ఆజ్ఞలోని బరువు వెంటనే అర్థమవుతుంది. ఏడో రోజు విశ్రాంతి ఎద్దుకూ గాడిదకూ చెందాలని నిర్గమకాండము చెప్పింది. తరవాతి కాలంలో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో క్రైస్తవ అపొస్తలుడు పౌలు, దేవుడు ఎడ్ల కోసం చింతించి ఈ మాట అన్నాడా అని ప్రశ్నించి, దాన్ని బోధకుల పోషణకు అన్వయించాడు. అన్వయం ఎంత గంభీరమైనదైనా, ఎద్దుకు దక్కిన గుప్పెడు గింజలను మళ్లీ మనిషి వైపు తిప్పుకొన్నట్లు కాలేదా అన్న సందేహం మిగులుతుంది.

తెలుగు నేల మీద ఈ లోటును శాస్త్రం కంటె ఆచారమే ఎక్కువగా పూడ్చింది. సంక్రాంతి మరునాడు వచ్చే కనుమనాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూజించి మేత పెడతారు. జ్యేష్ఠ పౌర్ణమినాటి ఏరువాకలో నాగలితో పాటు ఎద్దుకూ పూజ జరుగుతుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో పొలాల అమావాస్య ఎడ్ల పండుగే. ఇవి ఆత్మీయమైన ఆచారాలు, వీటిని కొట్టిపారేయడం అన్యాయం. అయితే గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో ప్రాణులకు బలి, అంటే అన్నపు ముద్ద, పెట్టే భూతయజ్ఞం ఎలాంటిదో పండుగనాటి మేత కూడా అలాంటిదే: ఇచ్చేవాని దయ మీద ఆధారపడిన దానం. పని చేయించుకొన్న చోట ఏర్పడేది ఋణం, దానికి దయతో నిమిత్తం లేదు. ఎద్దు ఒప్పందం చేసుకోలేదు, కూలి అడగలేదు, మానుకొనే వీలు దానికి లేదు. అడగలేని ఋణదాత గనుకనే ఆ బాకీ మరింత కచ్చితమైనది.

కాడి లేకపోతే ఆ జాతి పశువులే ఉండవు గదా, పనే వాటికి బతుకునిచ్చింది గదా అని కొందరు వాదిస్తారు. ట్రాక్టరు వచ్చాక కోడెదూడలకు విలువ పడిపోయి, వాటిని సాకే ఇళ్లు తగ్గిపోయిన మాట నిజమే. కాని పుట్టుకకు కారణమైనంత మాత్రాన పుట్టినదాన్ని ఎలాగైనా వాడుకోవచ్చన్న తీర్పును తల్లిదండ్రుల విషయంలో ఎవరూ అంగీకరించరు. ఆ వాదం రుజువు చేసేది వేరొకటి: పని ఉన్నంతవరకే పశువుకు చోటు ఉండిందని. మూడు నాలుగేళ్ల వయసులో కాడి మోయడం మొదలుపెట్టిన ఎద్దు ముసలిదై దున్నకానికి పనికిరాకుండా పోయాక ఇంకా కొన్నేళ్లు బతకగలదు. ఋణం తీరవలసిన కాలం అదే, సంతకు తోలే కాలమూ అదే.

1960నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో వెలువడిన నియమాలు, బండి లాగే, బరువు మోసే పశువుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి పని చేయించరాదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు కట్టనే రాదన్నాయి. పరాశరుని లెక్కకు ఇవి దూరపు బంధువులే. కాని పని ఆగిన తరవాతి ఏళ్లను గురించి ఈ గంటల లెక్క ఏమీ చెప్పదు, ముసలి ఎద్దును మేపే భారం మొత్తం ఒంటిజత రైతు మీదే మిగులుతుంది. పంటలో ఆరో వంతు తీసుకొనే రాజుకు ప్రజల పుణ్యపాపాలలోనూ ఆరో వంతు చెందుతుందని మనుధర్మం చెప్పింది. ఆ తర్కాన్ని నిజాయతీగా సాగిస్తే, పని ఉడిగిన ఎద్దు మేతలో రాజ్యానికీ, గింజలు కొని తిన్న పట్టణానికీ వాటా ఉంది. ఊరి మేతబీళ్లను ఆక్రమణల నుంచి కాపాడి ఆ పశువులకు విడిచిపెట్టడం ఆ వాటాలో మొదటి కిస్తీ.