సలహా చెప్పడం కూడ కనికర క్రియే



పరీక్షలు ముగిసి సెలవులు వచ్చాయంటే మన కుటుంబాలలో ఈ మధ్య ఒక కోరిక తరచుగా వినిపిస్తోంది. ఒక ఇంట్లో కుర్రవాడు గేమింగ్ కంప్యూటర్ కావాలంటాడు. ఇంకో ఇంట్లో ప్లేస్టేషన్ కొనిపెట్టమంటాడు. వెల చిన్నది కాదు. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో ప్లేస్టేషన్ 5 విడుదలైనప్పుడు, డిస్కులు వేసి ఆడే రకం ధర 49,990 రూపాయలు. పెద్ద ఆటలు ఆడగల కంప్యూటర్‌కు అంతకు మించి కూడ కావచ్చు. జీతంమీద బ్రతికే తండ్రికి అది నెలల కష్టం. కనుక ఆయన ఎవరినైనా సలహా అడగాలనుకుంటాడు. ఎవరిని అడగాలి? చూడడానికి ఇది బజారు ప్రశ్నే. కాని ఇందులో నీతి ప్రశ్న ఒకటి దాగి ఉంది.

పాత నిబంధనలో సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 37వ అధ్యాయం ఈ విషయమే మాట్లాడుతుంది. సలహా ఇచ్చేవారిలో తమ లాభం చూసుకొనేవారు ఉంటారనీ, సరుకు సంగతి వర్తకుని అడిగి ఆయన మాటపై ఆధారపడవద్దనీ ఆ జ్ఞాని హెచ్చరిస్తాడు. వర్తకులందరు మోసగాళ్లని దీని భావం కాదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట నిజాయితీగా బ్రతికే దుకాణదారులు ఉంటారు. అయితే మనం కొంటేనే ఆయన ఇల్లు గడుస్తుంది. "అసలు కొనవద్దు" అనే సలహా ఆయన నోట రావడం కష్టం. ఫోనులో వీడియోలు చేసి వస్తువులను మెచ్చుకొనేవారి సంగతీ ఇంతే. డబ్బుగాని, వస్తువుగాని పుచ్చుకొని ప్రచారం చేసేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. సీరా పుత్రుడు ఏనాడో చెప్పిన మాటే ఇది.

ఇక మిగిలింది ఎవరు? ఇంట్లోని కొడుకే! ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ వాడికి కంఠతా వచ్చు. చిన్నవాని దగ్గర నేర్చుకోవడం తండ్రికి అవమానం కాదు. ఇతరులు చెప్పేది వినగల మనసు వివేకంలో ఒక భాగమనీ, పెద్దలకు కూడ అది కావాలనీ పునీత తోమాస్ అక్వినాస్ గారు బోధించారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. కోరేదీ వాడే, ఆ కోరిక సమంజసమా కాదా అని చెప్పేదీ వాడే. వాదే తీర్పరి అయితే తీర్పు ఎలా ఉంటుంది?

అందుకే చాలా ఇళ్లలో ఒక అర్ధసత్యం పుడుతుంది. "నాన్నా, చదువుకోసం" అంటాడు కుర్రవాడు. ఆలోచించండి. పాఠాలు వినడానికి, నోట్సు వ్రాసుకోవడానికి, ప్రాజెక్టు పని చేసుకోవడానికి సాధారణ కంప్యూటర్ చాలు. ఇంజనీరింగులో త్రీడీ డిజైన్ వంటివి నేర్చేవారికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరపడవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లవానికి అది ఆటకోసమే. చదువు పేరు చెప్పి అది కొనిపిస్తే, తండ్రి డబ్బుతోపాటు తండ్రి నమ్మకం కూడ ఖర్చవుతుంది. ఎనిమిదవ దైవాజ్ఞ న్యాయస్థానంలో చెప్పే సాక్ష్యానికే పరిమితం కాదు. నమ్మి సలహా అడిగినవాని ముందు కూడ మనం సాక్షులమే.

కాని తప్పంతా పిల్లవానిదేనా? తల్లిదండ్రులారా, ఈ ప్రశ్న మనం వేసుకోవాలి. ఆట అంటేనే కాలం పాడుచేయడమని కసురుకొనే ఇంట్లో, "ఆడుకోవడానికి కావాలి" అని నిజం చెప్పే ధైర్యం పిల్లలకు ఎక్కడినుండి వస్తుంది? నిజానికి శిక్షపడే చోట అబద్ధం నేర్పినట్టే కదా. తిరుసభ ఆటను పాపమని ఎన్నడూ అనలేదు. శరీరానికి విశ్రాంతి ఎలాగో, అలసిన మనసుకు వినోదం అలాగని అక్వినాస్ గారు తన వేదాంత సంగ్రహంలో వివరించారు. మితంగా, మర్యాదగా ఆడుకోవడం ఆయన దృష్టిలో సద్గుణం. బొత్తిగా వినోదం ఎరుగకుండ, ఇతరుల సంతోషానికి కూడ అడ్డుపడడం ఆయన దృష్టిలో దోషమే.

2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో గారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకూటిస్ మన పిల్లలకు తెలిసినవాడే. 2006లో 15 ఏళ్ల ప్రాయంలో మరణించిన ఈ బాలునికి ప్లేస్టేషన్ ఉండేది. వారానికి ఒక గంటకు మించి ఆడకూడదని తానే నియమం పెట్టుకున్నాడని ఆయన జీవితం వ్రాసినవారు చెబుతారు. ఆయన ఆటను దాచుకోలేదు, హద్దులో ఉంచుకున్నాడు.

కనుక మొదట ఇంట్లో నిజం మాట్లాడుకోవాలి. సలహా ఆ తరువాత. సలహా గమ్యం గురించి కాదు, దారి గురించి అని అరిస్టాటిల్ చెప్పాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివానికి ఏ బస్సు ఎక్కాలో ఎవరు చెప్పగలరు? ఏ ఆటలు ఆడతాడు, వారానికి ఎన్ని గంటలు, గదిలో ఒంటరిగానా లేక అందరూ కూర్చునే హాలులోనా, ఎంత డబ్బు అప్పు లేకుండ పెట్టగలం అనేవి కుటుంబమే తేల్చుకోవలసిన ప్రశ్నలు. అవి తేలితే వస్తువు ఎంపిక సులభం. ప్రతి పెద్ద ఆటకూ కనీసం ఎలాంటి యంత్రం కావాలో తయారీదారులే ప్రకటిస్తారు. సెకనుకు 60 బొమ్మలు మాత్రమే చూపగల తెరకు 150 బొమ్మలు తయారుచేసే కార్డు తెచ్చి పెడితే, ఆ అదనపు వేగం కంటికి కనబడదు. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టేవాడు ముందే కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు అన్నారు. ఆ లెక్కలో యంత్రం ధర ఒక్కటే కాదు, ఆటల ధర, ఆన్‌లైన్ చందా, కరెంటు బిల్లు కూడ వేసుకోవాలి.

ఇంకొక మాట. యంత్రం గురించి పదిమందిని అడిగే తండ్రి ఆట గురించి ఒక్కరినీ అడగడు. యంత్రం ఒక్కసారే ఇంటికి వస్తుంది, ఆట ప్రతిరోజూ వస్తుంది. అనేక ఆటలపై 3, 7, 12, 16, 18 అని ఐరోపావారి వయసు గుర్తులు ఉంటాయి. అవి చూడండి. ఉచితమనే ఆటలు లోపల వస్తువులు అమ్ముతాయి. తెలియకుండానే కొనేలా బొత్తాములు అమర్చిందన్న ఆరోపణపై, ఫోర్ట్‌నైట్ ఆటను తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ 2022 డిసెంబరులో అమెరికాలో 24.5 కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. మీ బ్యాంకు కార్డు పిల్లల ఖాతాకు తగిలించవద్దు.

"ఫాదర్‌గారూ, ఇవన్నీ మాకేం తెలుస్తాయి?" అని మీరు అడగవచ్చు. ప్రతి విచారణలోనూ కంప్యూటర్ పని తెలిసిన యువతీయువకులు ఉన్నారు. యువజనులారా, సందేహంలో ఉన్నవారికి సలహా చెప్పడం ఏడు ఆధ్యాత్మిక కనికర క్రియలలో ఒకటని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నారు గదా. పూజ తరువాత ఒక తండ్రి వచ్చి మిమ్మును అడిగితే, మీకు తెలిసిన పేర్లన్నీ వల్లించి ఆయనను కంగారు పెట్టకండి. "ఎందుకోసం అంకుల్? ఎంతలో అనుకుంటున్నారు?" అని ముందు మీరే అడగండి. మీకు కావాలనిపించే వస్తువు ఆయన నెత్తిన రుద్దకండి. ఉన్న కంప్యూటరే చాలుననిపిస్తే ఆ మాటే చెప్పండి. దానివలన మీకు పైసా రాదు. ఆ కుటుంబానికి అప్పు తప్పుతుంది.

ఆలోచన పవిత్రాత్మ ఇచ్చే ఏడు వరాలలో ఒకటి. అది గుడిలో మోకరించినప్పుడు ఎంత అవసరమో, దుకాణంలో పర్సు తీసేటప్పుడూ అంతే అవసరం. ఈ వారం భోజనాల దగ్గర పిల్లలను ఒక్క మాట అడగండి: "నీకు నిజంగా ఏ ఆట ఇష్టం? ఎందుకు?" జవాబు చివరిదాకా వినండి. కొనాలో వద్దో తరువాత తేల్చుకోవచ్చు. ఆలోచనకర్తయైన పవిత్రాత్మ మన ఇళ్లలో సత్యాన్ని, సంతోషాన్ని నెలకొల్పును గాక!