పూడ్చవలసిన గండి, విడువవలసిన గండి

ధ్యానభాగము: ఆదికాండము 26:17-22



మేము సేవచేయు ఈ సీమలో గండి అనగానే అందరికి పాపఘ్ని నది జ్ఞాపకమునకు వచ్చును. వేంపల్లెకు సమీపమున ఆ నది కొండను చీల్చుకొని పారుచున్నది. ఆ చోటికే గండి అని పేరు. అయితే చెరువుకట్ట తెగినను గండి పడినదనియే చెప్పుకొందుము. మాట ఒక్కటే, అర్థములు రెండు. కొండలోని గండి నీటికి దారి. కట్టలోని గండి నీటికి చేటు. మొదటిదానిని పూడ్చ యత్నించువాడు వెఱ్ఱివాడు. రెండవదానిని పూడ్చక కూర్చుండువాడు సోమరి. పాడుబడినదానిని బాగుచేయబూనిన ప్రతివానికిని ఈ రెంటి భేదము తెలిసియుండవలెను. ఈ నెల ఈ సంగతిని ఒక వాద్యమును ఆధారము చేసికొని ఆలోచింతము.

ఆ వాద్యము పేరు డబుల్ బేస్. ఫిడేలు కుటుంబములో అన్నిటికంటె పెద్దది. ఎత్తు సుమారు మనిషి నిలువు. వాయించువాడు దాని ప్రక్కన నిలువబడియో, ఎత్తయిన పీటమీద కూర్చుండియో కమానుతో గాని వ్రేళ్లతో గాని వాయించును. సాధారణముగా తీగలు నాలుగు. అందులో మిక్కిలి లావైన తీగ సెకనుకు సుమారు 41 మారులు మాత్రమే కంపించును. పాత తెలుగు సినిమా పాటలలో అడుగున గంభీరముగా వినవచ్చు నాదము అనేక పర్యాయములు దీనిదే. వినువారు దాని పేరెరుగరు. అయితే అది ఆగినయెడల పాట కాలికింద నేల లేనట్లుండును.

ఈ జాతి వాద్యమునకు దేవుని మందిరముతో ఒక చరిత్ర కలదు. అమెరికాలోని న్యూ ఇంగ్లాండు ప్రాంతమున ప్యూరిటన్ సంఘములు తొలుత ఆరాధనలో ఏ వాద్యమును ఒప్పుకొనలేదు. 18వ శతాబ్దము చివరి భాగమున, పాడువారి శ్రుతి నిలుచుటకై, పెద్ద ఫిడేలును లోపలికి రానిచ్చిరి. దానికి చర్చి బేస్ అని పేరు వచ్చెను. ఈ విషయమై కొన్ని సంఘములలో తగవులును కలిగెను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున డీర్‌ఫీల్డు అను ఊరిలో అబ్రహాం ప్రెస్కాట్ (1789-1858) అనునతడు 1809లో మొదటి చర్చి బేస్‌ను చేసి, తరువాత అనేకములు చేసెను. వాటిలో పెద్దవి డబుల్ బేస్ అనదగినంత పెద్దవి. అయితే 1830ల నుండి ఆ ప్రెస్కాటే రీడులు గల చిన్న ఆర్గన్లను కూడ చేయ నారంభించెను. ఒక్క మనిషి కూర్చుండి పై స్వరమును అడుగు స్వరమును కలిపి పలికింపగలిగినప్పుడు, మోయలేని పెద్ద ఫిడేలుతో పనియేమి? అట్లు చర్చి బేస్‌లు క్రమముగా గుడులనుండి తొలగిపోయెను.

ఒక సంగతి గమనించుడి. దానిని చేసిన చేతులే దానిని మాన్పించు వస్తువును కూడ చేసెను. ఇందులో ఎవరి ద్వేషమును లేదు. నిర్లక్ష్యము చాలసార్లు ఇట్లే వచ్చును. శత్రువువలె తలుపు పగులగొట్టుకొని రాదు, సౌకర్యము అను బంధువు వెంట మెల్లగా లోపలికి వచ్చును. చాలకాలమునకు పాత వాద్యములను ఎరిగినవారు ఆ బేస్‌లను వెదకి, బాగుచేసి, వాద్యబృందములలో మరల నిలువబెట్టిరి. ప్రెస్కాట్ చేసినవి కొన్ని నేటికిని మ్రోగుచున్నవి.

అట్టి వాద్యమును బాగుచేయు పనివాడు చేయు పనిలో మనకు మూడు పాఠములు కలవు.

మొదటిది, చీలికను మూయుట. బేస్ ముందు పలక స్ప్రూస్ అను, దేవదారును పోలిన మ్రానుతో చేయబడును. ఎండకు, నిర్లక్ష్యమునకు అది బీటలు వారును. పనివాడు పలకను ఊడదీసి, బీటను అతికి, లోపలి వైపున అదే జాతి చెక్కతో చిన్న చిన్న బిళ్లలు అంటించును. బయట చూచువారికి అవి కనబడవు. ఇది కట్టలోని గండి. దీనిని పూడ్చక తీరదు. పూడ్చకున్న తీగల బరువునకు బీట నానాటికి సాగిపోవును.

రెండవది, అరుగుదలను విడుచుట. నూరేండ్లు వాయించినవారి చేయి ఆనిన చోట వార్నీషు అరిగి చెక్క నునుపెక్కియుండును. తెలియనివాడు దానినంతటిని గీకివేసి క్రొత్త వార్నీషు పూయును. వాద్యము అంగడిలోనుండి అప్పుడే తెచ్చినట్లు మెరయును గాని, దాని వయస్సు, సాక్ష్యము రెండును పోవును. తెలిసినవాడు మురికిని తుడుచును, అరుగుదలను ముట్టడు. అది గాయము కాదు, సేవ చేసిన గుర్తు. ఇది కొండలోని గండివంటిది.

మూడవది, అతుకును అతుకుగా ఉంచుట. ఈ వాద్యముల పలకలను పశుచర్మమును ఉడికించి తీసిన జిగురుతో అతుకుదురు. వేడియు తేమయు తగిలిన అది మెత్తబడి వీడును. ఇది లోపమని మనకు తోచవచ్చును. కాని వేసవిలో చెక్క ముడుచుకొన్నప్పుడు ఆ అతుకు కొంచెము వీడి చెక్కను కాపాడును; వీడినదానిని మరల అతుకవచ్చును. ఎన్నటికి వీడని గట్టి జిగురు పెట్టినయెడల అతుకు నిలుచును, దాని ప్రక్కనున్న చెక్క చీలును. మాసికను గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము (మత్తయి 9:16) ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది. తగని బలముతో చేసిన బాగు, పాత చినుగుకంటె పెద్ద చినుగు అగును.

సహోదరులారా, ఇది చెక్కను గూర్చిన మాట మాత్రమేనా? సంఘమును విడిచి కొన్నియేండ్లకు తిరిగివచ్చిన మనిషిని, తగవుపడి విడిపోయిన అన్నదమ్ములను మనము ఏ జిగురుతో అతుకుచున్నాము? పదిమందిలో ప్రమాణము చేయించి, ఇకమీదట ఒక్క మాట పడిననూ వెలివేయుదుమని బెదరించి కలుపుట గట్టి జిగురే. మొదటి వేసవికే అక్కడ మనిషి చీలును. వైరమును పూడ్చవలెను, అది కట్టలోని గండి. అయితే వానికి కలిగిన దుఃఖమును, మారిన మాటతీరును, తగ్గిన ఉత్సాహమును చూచి మునుపటివలె లేడేయని గీకబోకుడి. అవి వాడు నడిచివచ్చిన దారి గుర్తులు.

ఇక పేరును గూర్చి ఒక మాట. సెర్గీ కుసెవిట్స్కీ అను ప్రసిద్ధ సంగీతజ్ఞునియొద్ద ఒక పాత డబుల్ బేస్ ఉండెను. అది 1611లో ఇటలీ దేశపు అమాటీ వంశస్థులు చేసినదని చిరకాలము నమ్మిరి. ఆయన 1951లో మరణించెను. 1960ల తొలి యేండ్లలో ఆయన భార్య ఓల్గా దానిని గ్యారీ కార్ అను యౌవనస్థుడైన వాద్యకారునికి ఇచ్చెను. ఆయన దానిని లోకమంతట వినిపించెను. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో పండితులు దాని ముందు పలకలోని వలయములను పరీక్షించిరి. చెట్టు ఏటికొక వలయము వేయును. యేడు అనుకూలించిన వెడల్పుగాను, అనుకూలింపకున్న సన్నముగాను వేయును. కరువు యేడు మన రాయలసీమ పెద్దల జ్ఞాపకములో నిలిచినట్లే, యేండ్ల మంచిచెడ్డలు చెట్టు దేహములో నిలుచును. ఆ లెక్కను చూడగా చివరి వలయము 1761వ సంవత్సరపుదని తేలెను. 1761లో ఇంకను పెరుగుచున్న చెట్టుతో 1611లో వాద్యము చేయుట ఎట్లు? అమాటీ పేరు తొలగిపోయెను. అయితే నాదము ఏమైనను తగ్గెనా? నిన్న విని కన్నీరు విడిచినవారి కన్నీరు అబద్ధమాయెనా? కాలేదు. మనమును వంశమును బట్టి, ఇంటిపేరును బట్టి మనుష్యులకు వెలకట్టు అలవాటు గలవారము గనుక ఈ సంగతి మనకు మిక్కిలి అవసరము.

అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. అది న్యాయమైన ప్రశ్న. ఆకలిగొన్నవారుండగా పాత పెట్టెకు, పాత ఫిడేలుకు రూకలు ఖర్చు చేయుట ధర్మమా? అత్తరుబుడ్డి పగులగొట్టబడిననాడు బేతనియలో అడిగిన ప్రశ్నయు ఇదే (మార్కు 14). ప్రభువు ఆ స్త్రీని గద్దింపలేదు. బీదలను మరచిపొండనియు చెప్పలేదు. మాకు తోచిన కొలత ఇది: బాగుచేసినదానిని వాయించుదుమా, లేక అద్దాల బీరువాలో పెట్టుదుమా? బీరువాలో పెట్టుటకైనచో ఆ రూకలు బీదలవే. వాయించుటకైనచో, బీదవాడును దాని నాదము వినును. గ్యారీ కార్ చివరకు తన బేస్‌ను అంతర్జాతీయ బేస్ వాద్యకారుల సంఘమునకు దానముచేసెను. అది దాచినవాని పని కాదు, అందించినవాని పని.

మన పల్లె గుడులలో డబుల్ బేస్ దొరకుట అరుదు. అయితే తిత్తి చినిగి, రీడులు త్రుప్పుపట్టి, మూలనున్న హార్మణీ పెట్టె అనేక గుడులలో కలదు. దాని స్థలమున కీబోర్డు వచ్చినది. వచ్చుట తప్పు కాదు. ఇస్సాకు తన తండ్రి దినములలో త్రవ్వి, ఫిలిష్తీయులు పూడ్చివేసిన బావులను మరల త్రవ్వించి వాటికి తండ్రి పెట్టిన పేళ్లే పెట్టెను. ఆ లోయలోనే అతని దాసులు క్రొత్త బావులును త్రవ్విరి. పాతది తెరచుటకు క్రొత్తది మానుట అక్కరలేదు. క్రొత్తది త్రవ్వుటకు పాతది పూడ్చుటయు అక్కరలేదు. కావున హార్మణీని దింపి, దుమ్ము తుడిచి, బాగుచేయు పనివాని చేతిలో పెట్టుడి.

దానికంటె ముఖ్యమైన మాట ఇంకొకటి. ఆ పెట్టె వాయించుచుండిన ముసలి తండ్రి వెనుక వరుసలో గోడకానుకొని కూర్చుండుచున్నాడేమో చూడుడి. కీబోర్డు వచ్చిన దినమున ఆయనను ఎవరును పొమ్మనలేదు. రమ్మనుట మాత్రము మానిరి. బేస్ కడుపులో ముందు పలకకును వెనుక పలకకును నడుమ ఒక చిన్న కఱ్ఱ నిలువబడియుండును. దానికి జిగురు లేదు. తీగల ఒత్తిడియే దానిని నిలుపును. ఫ్రెంచివారు దానికి ఆత్మ అని పేరుపెట్టిరి. తీగలన్నిటిని ఒక్కసారిగా సడలించినయెడల అది లోపల పడిపోవచ్చును. మనుష్యులును అట్లే. ఎవరును ఏ భారమును మోపనప్పుడు లోపలిది పడిపోవును. వచ్చే ఆదివారము ఆ తండ్రికి ఒక్క పాట అప్పగించుడి. గొంతు వణకినను, వ్రేళ్లు తడబడినను దిద్దబోకుడి, అది అరుగుదల. ఆయన మౌనమే చీలిక. దానిని పూడ్చుటకు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక.