డ్రమ్ము మాటున ధర్మము

చేసినవానికి తప్ప మరెవ్వరికిని కనబడని పనులు కొన్ని గలవు. పాత జీపునకు బ్రేకు షూలు మార్చుట అట్టివానిలో నొకటి. గోడ వంకరగా నున్నచో దారిన పోవువాడైనను గుర్తించును. డ్రమ్ము బిగించి చక్రము తొడిగిన పిమ్మట లోపల నేమి జరిగినదో బండి యజమానికే తెలియదు. అట్టిచోట పనివాని బాధ్యత యెంతవరకు? కుదుర్చుకొన్న కూలి వరకేనా?

మహీంద్రా వారు 1947లో మన దేశమున విల్లీస్ జీపుల కూర్పు నారంభించిరి. ఆ కోవకు చెందిన పాత బండ్లలో నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. ఒక్కొక్క చక్రమున నెలవంక వంటి షూలు రెండుండును. పెడలు నొక్కగనే వీల్ సిలిండరు వానిని డ్రమ్మునకు ఒత్తును. బండి ముందుకు పోవునపుడు ముందరి షూను తిరుగుచున్న డ్రమ్మే తనలోనికి లాగుకొనును. శ్రమలో పెద్దపాలు దానిదే. కనుకనే పాత విల్లీస్‌లో పొడవైన లైనింగు గలది ముందువైపు నిలుపుదురు. తారుమారు చేసినను చక్రము తిరుగును, బండి కదలును. అదియే చిక్కు.

"ఎడమ చక్రపు షూలే అరిగినవి, వానిని మార్చి పంపుము" అని యజమాని చెప్పెననుకొందము. ఒకవైపు క్రొత్తవి, రెండవవైపు అరిగినవి యైనచో బ్రేకు వేసినప్పుడెల్ల బండి ప్రక్కకు లాగును. హబ్బులోని సీలు కారుచున్నచో క్రొత్త లైనింగు సైతము గ్రీజుతో తడిసి పట్టు కోల్పోవును. సీలు వెల స్వల్పమే. హబ్బు ఊడదీయుటయే పెద్ద పని. ఇంత విడమరచి చెప్పినను యజమాని వలదన్నచో?

బండి వానిది, ధనము వానిది, మాటయు వానిదే యని కొందరు వాదింతురు. రంగు విషయమున, సీటు గుడ్డ విషయమున ఆ వాదము చెల్లును. బ్రేకు విషయమున చెల్లదు. ఘాటు దిగువన రోడ్డు దాటు పసిబిడ్డ ఆ బేరములో లేదు గదా! ఆమె పక్షమున మాటాడుటకు ఆ షెడ్డులో మెకానిక్కు తప్ప వేరొకరు లేరు. కావున అట్టి డ్రమ్మును మూయననుటయే న్యాయమని నా తలంపు. "నేను కాదన్న ప్రక్క షెడ్డువాడు చేయును, నా కూలి పోవును" అన్నచో, అది తేలికగా త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఇల్లు గడుపవలసినవాని బాధ యది. అయినను ప్రక్కవాడు చేయునన్న మాట వాని చేతిని గురించి చెప్పును గాని, మన చేతిని గురించి కాదు.

ఇక మెకానిక్కునకు సైతము ఎదురు చెప్పలేనివాడొకడు గలడు: పని నేర్చుకొను కుర్రవాడు. డ్రమ్ము విప్పగనే నల్లని ధూళిని నోటితోనో గాలి గొట్టముతోనో ఊదుట వానికి అప్పగించెదరు. పాత లైనింగులలో రాతినార యుండును. ఆ ధూళి ఊపిరితిత్తులలో జేరి పుట్టించు క్యాన్సరు పదుల యేండ్లకు గాని బయటపడదు. అప్పటికి కుర్రవాడెచ్చటనో, ఆ షెడ్డెచ్చటనో! ఊదనీయక, ముక్కునకు తగిన మాస్కు కట్టించి, తడిగుడ్డతో తుడిపించి, ఆ గుడ్డ ఆరకమునుపే సంచిలో వేసి మూతి కట్టింపవలెను. ఆ మీదటనే స్ప్రింగులపై చేయి వేయవలెను.