డబ్బు కోసం చేసే స్నేహం స్నేహమేనా?

ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయితే చాలు, మనం చదివిన యూనివర్సిటీకి మనం గుర్తొస్తాం. ముందు పుట్టినరోజు మెసేజ్, తర్వాత పూర్వ విద్యార్థుల కలయికకి పిలుపు, ఆ తర్వాత మెల్లగా స్కాలర్‌షిప్ ఫండ్ మాట. "ఈ ప్రేమంతా డబ్బు కోసమేరా" అంటారు నా ఫ్రెండ్స్. నిజమే. కానీ అది తప్పా?

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటలున్నాయి. మన కాన్వొకేషన్ స్పీచ్ లాంటిదే అనుకోండి. సత్యం, ధర్మం, స్వాధ్యాయం అయిన వెంటనే, ఆచార్యుడికి ఇష్టమైన ధనం తెచ్చి ఇవ్వమంటాడు. మొహమాటమేమీ లేదు! తర్వాత దానం ఎలా చెయ్యాలో చెబుతూ శ్రద్ధ, సిగ్గు, భయంతో పాటు 'సంవిత్తు'తో ఇవ్వమంటాడు. శంకరులు ఆ మాటకి మైత్రి అనే అర్థం చెప్పారు. అంటే దానంలో స్నేహం ఉండటం మార్కెటింగ్ వాళ్లు కనిపెట్టింది కాదు.

మరి అది ఎలాంటి స్నేహం? దాతల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్లలో ఒక్కొక్కరి పేరు పక్కన 'ఎంత ఇవ్వగలరు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి చూసి పలకరించేవాడు మనకి నచ్చని మాట ఎప్పటికీ చెప్పడు. నాకు ఇబ్బంది అక్కడే.

కాశీ హిందూ విశ్వవిద్యాలయం కోసం మాలవీయ గారు ఊరూరా తిరిగి చందాలు అడిగారు. మహారాజులు ఇచ్చారు. 1916 ఫిబ్రవరి 4న శంకుస్థాపన. రెండు రోజుల తర్వాత, ఆయన పిలిచిన గాంధీజీ అదే వేడుకల్లో మాట్లాడుతూ, ఆ నగలు తీసి ప్రజల కోసం పెడితే తప్ప దేశానికి విముక్తి లేదని రాజుల ముఖం మీదే అన్నారు. అనీబిసెంట్ ఆపమన్నారు, కొందరు లేచి వెళ్లిపోయారు, సభ మధ్యలోనే ముగిసింది. మాలవీయ గారి స్థానంలో నేనుంటే చెమటలు పట్టేవి. అయినా ఆ యూనివర్సిటీ నిలబడింది. దాతలు కూర్చున్న చోట అలాంటి మాట వినబడటం దానికి గౌరవమే అని నా అభిప్రాయం.

అందుకే ఫోన్ వస్తే నేను ఒకటే అడుగుతాను: పోయినేడు ఏం కుదరలేదు? చాలామంది "అంతా బాగుందండి" అంటారు. పోయిన నెల మాట్లాడిన అమ్మాయి మాత్రం కాస్త ఆగి, "ఇద్దరు మధ్యలోనే చదువు మానేశారండి. ఫీజు కట్టాం గానీ హాస్టల్ ఖర్చు లెక్కేసుకోలేదు" అంది. ఆ రోజే పంపాను, హాస్టల్ ఖర్చుకని రాసి.