ఇది ఎవరి దయ?



2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో వంద రూపాయలు దాటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలలో సోమల ప్రాంతంలో దివ్యపూజకు వెళ్ళినప్పుడు, పంట అమ్ముకున్న కుటుంబాల సంతోషం చూసి, ఇదంతా దేవుని దయ అని ప్రసంగంలో చెప్పాను. సెప్టెంబరుకల్లా ధర పడిపోయింది. అప్పు తెచ్చి, ఆలస్యంగా నారు నాటిన ఒక రైతు పూజ ముగిశాక గుడి వాకిట్లో నన్ను ఆపాడు.

"సామీ, ధర ఉన్నప్పుడు దేవుని దయ అన్నారు. ఇప్పుడు కాయ కోసిన కూలి గూడా రాలేదు. ఇది ఎవురి దయ?"

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి. దేవుడున్నాడనడానికి పునీత తోమాసు అక్వినాసు చూపిన ఐదు మార్గాలూ నాకు తెలుసు. కాని ఆ రైతు దేవుడున్నాడా అని అడగలేదు. దేవుడు తనను ప్రేమిస్తున్నాడా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు ఆదివారాలు అతడు గుడికి రాలేదు.

తప్పు నాదే. దేవుని ప్రేమకు మార్కెట్టు ధరను కొలబద్దగా పెట్టింది నేను. ధర పెరిగితే దీవెన, పడితే శాపం అనుకుంటే అది భక్తి కాదు, బేరం. అంజూరం పూయకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా ప్రభువునందు ఆనందిస్తానన్నాడు హబక్కూకు ప్రవక్త (3:17-18). అయితే అదే ప్రవక్త తన గ్రంథాన్ని మొదలుపెట్టింది స్తుతితో కాదు, ఫిర్యాదుతో (1:2). ఆ రెంటికీ నడుమ అతడు చేసిందేమిటి? కావలిచోటు విడిచిపోకుండా దేవుని మాట కోసం కనిపెట్టుకొని ఉన్నాడు (2:1). కలవరీ కొండమీద మన ప్రభువు సైతం తనను ఎందుకు విడిచిపెట్టావని తండ్రినే అడిగాడు (మార్కు 15:34). దేవుని ప్రేమకు కొలబద్ద ఆ సిలువ. అది ఏ ధరతోనూ పెరగదు, తరగదు.

మన ప్రాంతపు పెద్దలకు ఈ కనిపెట్టుకొని ఉండటం తెలుసు. 18వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరుకు వచ్చి సువార్త బోధించారు. 1773లో పోపు 14వ క్లెమెంటు ఆ సభను రద్దు చేశారు. గురువులు బాగా తగ్గిపోయారు. పూజ దొరకడమే అరుదైంది. అయినా తెలుగునాట విశ్వాస దీపం ఆరిపోలేదు. ఇళ్ళలో పెద్దలు జపాలు చెప్పారు, పిల్లలు నేర్చుకున్నారు. వాళ్ళు వాదించి గెలిచినవాళ్ళు కారు, విడిచిపోనివాళ్ళు.

మూడవ ఆదివారం ఆ రైతు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. "కోపం ఇంకా పోలేదు సామీ" అన్నాడు.

"ఆ కోపం ఆయనతోనే చెప్పు నాయనా. చెప్పటం మాత్రం మానవద్దు" అన్నాను.

ప్రియ సహోదరీ సహోదరులారా, దేవుని మీద ప్రేమ ఒక్కరోజులో పెరగదు. రాత్రి పడుకునే ముందు ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క జపం చెప్పండి. మనసులో ఉన్నది దాచకుండా ఆయనకు చెప్పండి. పంట పోయిన పొరుగింటికి ఈ వారమే ఒకసారి వెళ్ళిరండి. దేవుని ప్రేమను అనుమానిస్తున్నవానికి మన ప్రసంగాలకన్నా మన రాక ఎక్కువ సాక్ష్యం. తన బిడ్డ కోసం వచ్చిన ఒక తండ్రి నమ్మకాన్నీ, అపనమ్మకాన్నీ ఒకే మొరలో ప్రభువు ముందు పెట్టాడు (మార్కు 9:24). ప్రభువు అతణ్ణి కసురుకోలేదు, బిడ్డను బాగుచేశాడు. మన కొద్దిపాటి విశ్వాసాన్నీ ఆయన తోసివేయడు.

ఆ ప్రభువు మిమ్మును, మీ ఇంటిని, మీ పొలాన్ని దీవించునుగాక. ఆమెన్.